మత్రా డాక్టరుగారికి మదనపల్లె వందనాలు

 గల్ఫ్ తెలుగువాళ్ళ గురించి ఏదైనా రాసి పంపమని సంచిక మిత్రులు అడిగారు. ఇక్కడి ఉగాది పచ్చడి గురించి, సంక్రాంతి ముగ్గుల పోటీల గురించి ఇప్పటికే చాలామంది చక్కగా రాశారు. అందుకని నేను నా బాకీ ఒకటి రాస్తున్నాను. అది ఒక అమెరికా డాక్టరుగారికి పడిన బాకీ. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నాకు అయిదేళ్ళున్నప్పుడే ఆయన కాలం చేశారు. కానీ మస్కట్, మత్రాల్లో పాత తరం వాళ్ళని అడిగితే ఆయన పేరు చెప్పగానే ముఖం విప్పారుతుంది. ఆయన డాక్టర్ వెల్స్ తోమ్స్.

ముందు నా సంగతి కాస్త చెప్పాలి. మాది మదనపల్లె. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో జనగణమనని ఇంగ్లీషులోకి మార్చిన ఊరని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మాకు మాత్రం మదనపల్లె అంటే ఆసుపత్రుల ఊరు. నేను పుట్టింది మేరీ లాట్ లైల్స్ మిషన్ ఆసుపత్రిలో. ఊరికి కాస్త ఎడంగా ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ గారి సారథ్యంలో 1915లో అక్కడ శానిటోరియం వెలిసింది. మా అవ్వ వయసులో ఉన్నప్పుడు క్షయతో పద్నాలుగు నెలలు అక్కడే ఉంది. ఇంటికి తిరిగి వస్తుందని ఎవరూ అనుకోలేదట. వచ్చింది. వచ్చాక నలభై ఏళ్ళు బతికింది. తెల్లవారుజామున లేచి మంచం మీదే కూర్చుని, గుండెల నిండా ఒకసారి గాలి పీల్చి వదిలి, దేవుడికి స్తోత్రం చెప్పేది. ఇంకేమీ అడిగేది కాదు. లోపలికి పోయిన గాలి బయటికి వచ్చినందుకే ఆ స్తోత్రం. చిన్నప్పుడు మాకది నవ్వులాటగా ఉండేది.

నేను 1994లో అకౌంటెంటుగా మస్కట్ వచ్చాను. 2003లో నేను పనిచేసే కంపెనీ జీతాలు ఆపేసింది. ఒక నెల, రెండు నెలలు, అలా అయిదు నెలలు. ఇంటద్దె, పిల్లల స్కూలు ఫీజు, ఊళ్ళో నాయన మందులు. ఇవన్నీ నెల ఆగినా ఆగేవి కావు. ఆ డిసెంబరు 31 రాత్రి మా తెలుగు సహవాసంలో కృతజ్ఞతా కూడిక జరిగింది. ఒక్కొక్కరూ లేచి ఆ ఏడు దేవుడు చేసిన మేలులు సాక్ష్యంగా చెబుతున్నారు. ఒకరికి ప్రమోషను, ఒకరి అబ్బాయికి మెడిసిన్ సీటు, ఒకరికి కొత్త కారు. నా వంతు వచ్చింది. నేను లేవలేదు. మేలు అందినవాళ్ళు స్తుతిస్తారు సరే, అందనివాడు దేనికి స్తుతించాలన్నది నా మనసులోని మాట. పక్కన మా ఆవిడ తలవంచుకుని కూర్చుంది.

ఆ రోజుల్లోనే ఇల్లు గడవడానికి సాయంత్రాలు మత్రా బజారులో ఒక పెద్దాయన దుకాణానికి లెక్కలు రాయడానికి వెళ్ళేవాణ్ణి. ఆయన ఒమనీ. సుగంధ ద్రవ్యాలు, సాంబ్రాణి అమ్మేవారు. మత్రాలోని పాతకాలపు వ్యాపారుల్లాగే హిందీ బాగా మాట్లాడేవారు. ఆయనకో అలవాటుంది. దుకాణం తలుపు తీసి, రేవు వైపు తిరిగి, ఓడల్ని ఒక నిమిషం చూసి, అరచేత్తో రెండు కళ్ళూ తడుముకుని దేవుడికి స్తోత్రం చెప్పేవారు. మా అవ్వ చెప్పే తీరు, ఆయన చెప్పే తీరు ఒక్కటే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. అప్పుడు ఆయన తోమస్ ఆసుపత్రి కథ చెప్పారు.

ఆయన పుట్టింది లోపలి కొండల్లో ఇబ్రా వైపు పల్లెలో. పన్నెండేళ్ళ వయసులో కళ్ళకి ట్రకోమా పట్టింది. ఆ జబ్బు ముదిరితే రెప్ప లోపలికి ముడుచుకుపోయి, రెప్ప వెంట్రుకలు కనుగుడ్డుని రోజంతా గీరుతూ ఉంటాయి. చివరికి చూపు పోతుంది. ఆ కాలంలో ఒమన్‌లో ట్రకోమా లేని పల్లె లేదు. తల్లి కొడుకుని ఒంటె మీద ఎక్కించుకుని మత్రా తెచ్చింది. డాక్టరు రెప్పని బయటికి మలిచి కుట్లు వేశారు. కత్తి పట్టుకునేముందు కుర్రాడి తల మీద చెయ్యి వేసి అరబిక్‌లో ప్రార్థన చేశారు. తల్లి ఆసుపత్రి ఆవరణలోనే పొయ్యి పెట్టుకుని వండిపెట్టింది. వెళ్ళేటప్పుడు ఆమె ఇవ్వగలిగింది ఒక బుట్ట ఖర్జూరాలు. పెద్దాయన ఆ మాట చెప్పి, నాకు లెక్కల పుస్తకం అందించి, ఆ లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదని నవ్వారు.

ఆ తర్వాత తోమ్స్ గారి జీవితం గురించి దొరికినదల్లా చదివాను. తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నాను. అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చివాళ్ళ అరేబియా మిషన్ 1889లో మొదలైంది. 1893లో పీటర్ జ్వేమర్ అనే యువకుడు మస్కట్‌లో మకాం పెట్టాడు. బానిసల పడవ నుంచి విడిపించిన పద్దెనిమిది మంది ఆఫ్రికా పిల్లలకి ఆయన బడి పెట్టి నడిపాడు. ఎండలకి ఆరోగ్యం చెడి 1898లో కన్నుమూశాడు. తర్వాత వచ్చిన జార్జ్ స్టోన్ ఏడాది తిరక్కుండానే 1899లో పోయాడు. వాళ్ళందరికంటే ముందు, లాహోరు బిషప్ పదవి వదులుకుని అరవై ఆరేళ్ళ వయసులో ఒంటరిగా వచ్చిన థామస్ వాల్పీ ఫ్రెంచ్ 1891 మే నెలలో ఇక్కడే చనిపోయారు. మస్కట్ పక్కన కొండల మధ్య, పడవ మీద మాత్రమే చేరగలిగే చిన్న ఒడ్డులో స్టోన్, ఫ్రెంచ్‌ల సమాధులున్నాయి.

వెల్స్ తోమ్స్ తల్లిదండ్రులు ఇద్దరూ డాక్టర్లే. తండ్రి షారన్ తోమ్స్, తల్లి మేరియన్ వెల్స్. బహ్రెయిన్‌లో మిషన్ ఆసుపత్రి తెరిచిన 1903లోనే వెల్స్ అక్కడ పుట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1905లో, తల్లి జబ్బుచేసి చనిపోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని 1909లో కుటుంబంతో మత్రా వచ్చి వైద్యం మొదలుపెట్టారు. 1913 జనవరిలో టెలిఫోన్ తీగ లాగే పనిలో స్తంభం ఎక్కి, పట్టు తప్పి కిందపడి చనిపోయారు. పదేళ్ళు నిండీ నిండని పిల్లవాడు తండ్రిని ఆ పడవల ఒడ్డులో మట్టికి అప్పగించి, మారుతల్లితో అమెరికా వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. తల్లిని ఒక రేవు, తండ్రిని ఇంకో రేవు మింగేశాయి. ఈ నేల ఆ పిల్లవాడికి ఏమిచ్చిందని? అయిదు నెలల జీతానికే స్తుతి మానేసిన నేను ఆ స్థానంలో ఉంటే ఈ సముద్రం వైపు మళ్ళీ తిరిగి చూసేవాణ్ణి కాదు. ఆయన మాత్రం మిషిగన్‌లో చదువుకుని డాక్టరై, 1930లో భార్యతో కలిసి గల్ఫ్‌కి తిరిగి వచ్చారు. అరబిక్ నేర్చుకుని, కొన్నేళ్ళు ఇతర రేవుల్లోని మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసి, 1939లో సరిగ్గా తండ్రి పడిపోయిన మత్రాకే డాక్టరుగా వచ్చారు.

ఆయన భార్య సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తిగా ఉంటుంది. ఆమె పేరు ఎథెల్, అందరూ బెత్ అనేవారు. పుట్టింటి పేరు స్కడర్. ఆ పేరు చదవగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. చిత్తూరు జిల్లాలో పెరిగినవాళ్ళకి స్కడర్ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. పెద్ద జబ్బు వస్తే మావాళ్ళు వెళ్ళే వేలూరు ఆసుపత్రిని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టింది ఐడా స్కడర్. స్కడర్ సోదరులు 1853లో పెట్టిన ఆర్కాట్ మిషనే మా ప్రాంతానికి బడులూ, ఆసుపత్రులూ తెచ్చింది. ఆ మిషన్ డాక్టరు జేకబ్ చేంబర్లెయిన్ 1863లో మదనపల్లెలో స్థిరపడి, తెలుగు నేర్చుకుని, తెలుగులో రాసి, 1908లో అక్కడే కన్నుమూశారు. నేను పుట్టిన ఆసుపత్రి 1911లో తెరిచింది కూడా వాళ్ళే. మదనపల్లెకి డాక్టర్లని పంపిన చర్చీ, మత్రాకి డాక్టర్లని పంపిన చర్చీ ఒక్కటే. అమెరికాలో ఏ పల్లె చర్చిలోనో కానుక పెట్టెలో పడిన చిల్లర కొంత మా ఊరికి, కొంత ఈ ఊరికి వచ్చింది. నన్ను భూమ్మీద పడేసిన చెయ్యీ, దుకాణం పెద్దాయనకి చూపునిచ్చిన చెయ్యీ ఒకే ఇంటివి. ఇన్నేళ్ళు ఈ బజారులో తిరుగుతూ నాకీ సంగతి తెలియలేదు.

తోమ్స్ గారు వచ్చేనాటికి మత్రాలో ఆసుపత్రి కట్టడం ఉంది. ఆయనకి ముందున్న డాక్టర్ పాల్ హారిసన్ కాలంలో, 1930ల మొదట్లో అది లేచింది. మొదట నాక్స్ మెమోరియల్ అనేవారు. తర్వాత రహ్మా ఆసుపత్రి అయింది. ప్రజలకి మాత్రం అది తోమస్ ఆసుపత్రి. రహ్మా అంటే కరుణ. మన క్రైస్తవ తెలుగులో కృప అనుకోవచ్చు.

మత్రా చూడనివాళ్ళ కోసం ఒక మాట. రేవు చుట్టూ నల్లని రాతి కొండలు. పగలంతా ఎండ తాగి రాత్రి సెగ కక్కుతాయి. ఏసీలు లేని కాలంలో జనం తడిపిన దుప్పట్లు కప్పుకుని మేడల మీద పడుకునేవారట. సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ పాలనలో, 1932 నుంచి 1970 వరకు, దేశం తలుపులు దాదాపు మూసి ఉండేవి. మస్కట్ కోట ద్వారాలు పొద్దుపోయిన మూడు గంటలకి మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో నడిచేవాడు లాంతరు పట్టుకోవాల్సిందే. తారు రోడ్డు మొత్తం దేశంలో పది కిలోమీటర్లని చెబుతారు. అలాంటి దేశంలో చాలా ఏళ్ళపాటు లోపలి కొండల నుంచి, బాతినా తీరం నుంచి రోగులు ఒంటెల మీద, గాడిదల మీద, పడవల మీద ఈ ఒక్క డాక్టరు కోసం వచ్చేవారు.

ఆయన చెయ్యని వైద్యం లేదు. శుక్లాలు, ట్రకోమా రెప్పలు, హెర్నియాలు, తుపాకి గాయాలు, మలేరియా. సముద్రం మీద ప్రయాణం చేసి తీరం వెంట ఊళ్ళకి వెళ్ళేవారు. ఊరు వెలివేసిన కుష్ఠు రోగులని చేరదీసి, వాళ్ళకి వసతి చూపి, కొత్తగా వచ్చిన సల్ఫోన్ మందులు ఇచ్చారు. 1957 నుంచి 1959 వరకు జబల్ అఖ్దర్ కొండల్లో యుద్ధం జరిగినప్పుడు గాయపడినవాళ్ళు ఆయన బల్ల మీదికే వచ్చారు. ఉన్నవాళ్ళు డబ్బిచ్చేవారు. లేనివాళ్ళకి ఉచితం. భారతదేశం నుంచి వచ్చిన నర్సులూ, కాంపౌండర్లూ ఆయనతో పనిచేశారు. ఆ ఒత్తిడి కొంత తగ్గింది 1955లో డాక్టర్ డొనాల్డ్ బాష్ వచ్చాకే.

ఆయన తన విశ్వాసాన్ని ఎవరి దగ్గరా దాచలేదు. ప్రతి ఆపరేషనుకి ముందు ప్రార్థించేవారు. మత్రాలో క్రైస్తవులైనవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ లెక్కన చూస్తే ఆయన్ని పంపిన చర్చికి ముప్ఫై ఏళ్ళ ఖర్చు దండగ అనేవాళ్ళూ ఉంటారు. నేను అకౌంటెంటునే, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ ఆయన ఆ లెక్క చూసుకుని పనిచేసినట్టు కనిపించదు. రెప్ప మలిచినంత మాత్రాన రోగి తనకి బాకీ పడ్డాడని ఆయన అనుకోలేదు. తనే ఎవరికో బాకీ ఉన్నట్టు, ఆ బాకీ ఎదురుగా ఉన్న మనిషికి తీర్చుకుంటున్నట్టు బతికారు. ప్రార్థించే డాక్టరు కాబట్టే ముస్లిం రోగులు ఆయన్ని మరింత నమ్మారని మా పెద్దాయన చెప్పారు. దేవుడి పేరు తలవకుండా కత్తి పట్టుకునేవాడి కింద తల పెట్టడానికి ఆయన తల్లి ఒప్పుకునేది కాదట.

1970లో తోమ్స్ గారు పదవీ విరమణ చేసి అమెరికా వెళ్ళారు. ఆ జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కారు. రోడ్లు, బడులు, ఆసుపత్రులు ఒక్కసారిగా వచ్చాయి. మిషన్ ఆసుపత్రి కూడా ఆ దశకంలోనే ప్రభుత్వ ఆరోగ్యశాఖలో కలిసింది. ముప్ఫై ఏళ్ళు చీకట్లో లాంతరు పట్టుకుని తిరిగిన మనిషి ఆ వెలుగు పూర్తిగా చూడలేదు. 1971లో చనిపోయారు.

సుల్తాన్ ఖాబూస్ 2020లో కన్నుమూశారు. ఆయన ఇచ్చిన స్థలాల్లోనే రూవిలోను, గలాలోను చర్చిలు కట్టుకున్నారు. శుక్రవారం వస్తే ఆ గదులు గంటల చొప్పున పంచుకుని ఎన్నో భాషలవాళ్ళు ఆరాధన చేసుకుంటారు. మన తెలుగువాళ్ళమూ అందులో ఉన్నాం. ఇన్నేళ్ళు ఆ ఏసీ గదిలో కూర్చుని, చల్లని నీళ్ళు తాగి, ఇంటికి పోయేవాణ్ణి. ఒక ముస్లిం దేశం తన గడ్డ మీద మాకు ఇంత చోటెందుకు ఇచ్చిందని ఎన్నడూ ఆలోచించలేదు. ఆ ఉదారత ఒమన్ పాలకులది. దానికి ముందు నమ్మకం అనే పునాది ఒకటి పడి ఉంటుంది. అందులో తోమ్స్ తండ్రీకొడుకులు మోసిన రాళ్ళు కూడా ఉన్నాయని నేను నమ్ముతాను.

నా జీతం సంగతి అడుగుతారేమో. మూడు నెలలది వచ్చింది. రెండు నెలలది ఈనాటికీ రాలేదు. వేరే ఉద్యోగం దొరికింది. రాని ఆ రెండు నెలల జీతాన్ని మేలు అని చెప్పమంటే నేను చెప్పలేను. అన్యాయం అన్యాయమే. కానీ ఆ మరుసటి డిసెంబరు 31న నా వంతు వచ్చినప్పుడు లేచాను. ఉద్యోగం గురించి చెప్పలేదు. మా అవ్వ ఊపిరి గురించి, దుకాణం పెద్దాయన చూపు గురించి చెప్పాను. ఆ రెండూ ఒకే చోటి నుంచి వచ్చిన సంగతి చెప్పాను. వెనక బెంచీల్లో కూర్చున్న కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఇళ్ళల్లో పనిచేసే ఆ అక్కచెల్లెళ్ళకి నెలకో రెండు నెలలకో ఒక శుక్రవారం సెలవు దొరికితే గొప్ప. వాళ్ళు సాక్ష్యం చెప్పేటప్పుడు ఇంటి దగ్గర పిల్లలు అన్నం తింటున్నారని, ఈ నెల డబ్బు చేరిందని, నడుం నొప్పి తగ్గిందని చెబుతారు. అంతకుముందు అవి నా చెవికి ఎక్కేవి కావు. ఇప్పుడు వాటికంటే పెద్ద సాక్ష్యం ఉండదనిపిస్తుంది.

అప్పటినుంచి సెలవు రోజుల్లో మేం కొందరం ఆసుపత్రులకి వెళ్తున్నాం. అరబిక్, ఇంగ్లీషు రాని తెలుగు కూలీలు, పనిమనుషులు జబ్బుచేసి అక్కడ ఉంటారు. ఎక్కడ నొప్పో డాక్టరుకి చెప్పలేక కళ్ళు తేలేస్తారు. వాళ్ళ మాట డాక్టరుకి, డాక్టరు మాట వాళ్ళకి చెబుతాం. ఇంటికి ఫోను కలిపి ఇస్తాం. కాస్త చారన్నం తీసుకెళ్తాం. అడిగితే ప్రార్థన చేస్తాం. అడగకపోతే పక్కన కూర్చుంటాం. ఇందులో మా గొప్ప ఏమీ లేదు. మదనపల్లెలో మాకు అందినదాన్ని మత్రాలో కొద్దికొద్దిగా తీరుస్తున్నాం. తోమ్స్ గారికి తిరిగి ఇవ్వడానికి దారి లేదు కదా.

దుకాణం పెద్దాయన కొన్నేళ్ళ కిందట పోయారు. కొడుకు దుకాణం చూస్తున్నాడు. అటు వెళ్ళినప్పుడల్లా నేనూ ఒక నిమిషం రేవు వైపు తిరిగి నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి వదులుతాను.

ఈ సభలకి వచ్చిన మీలో చాలామంది అమెరికాలో స్థిరపడినవాళ్ళు. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో పాత రిఫార్మ్డ్ చర్చి ఒకటి ఉండవచ్చు. ఎప్పుడైనా అటు వెళ్తే, మదనపల్లెవాడొకడు వందనాలు చెప్పమన్నాడని చెప్పండి.